ఏ పిన్ను, సార్?

తప్పు నా ప్రోగ్రాములోనే ఉంది. రెండు లైన్లు ముందువెనకలయ్యాయి.

చిప్పులో మోటారును నడిపే భాగం మామూలుగా నిద్రలో ఉంటుంది. ముందు దానికి పవర్ ఇచ్చి, దానికి లయనిచ్చే క్లాక్ ఆన్ చేసి, ఆ తర్వాతే దాని రిజిస్టరులో, అంటే దాని చిన్న మెమరీ గడిలో, ఏముందని అడగాలి. నేను ముందే అడిగాను. రాని జవాబు కోసం చూస్తూ బోర్డు మొత్తం బిగుసుకుపోయింది.

మూడు రోజులుగా నేనేమో "సోల్డరింగ్ మంచిగ లేదక్కా" అంటూ అదే బోర్డును మెర్సీ అక్కకు తిప్పి పంపుతున్నాను. బోరు మోటార్లకు స్టార్టర్లు చేసే మా నల్లగొండ వర్క్‌షాపులో పన్నెండేళ్లుగా బోర్డులకు చిప్పులు అతికించేది ఆమే. చిప్పు సన్నటి కాళ్లను, ఆ పిన్నులన్నిటినీ, మూడుసార్లు ఊడదీసి మళ్లీ అతికించింది. వేలు కాలితే గుడ్డ చుట్టుకుని అతికించింది.

ఇవాళ లైన్లు సరిచేశాను. మోటారు తిరిగింది. ఆ చప్పుడు విని మెర్సీ అక్క భూతద్దం, ఎర్ర మార్కరు పట్టుకుని వచ్చింది.

"నడుస్తాంది గద సార్. నేను ఏ పిన్ను కాడ తప్పు చేసిన్నో జర చూపెట్టుండ్రి. గుర్తు పెట్టుకుంట, మల్ల గట్ల కానియ్య."

నిజం చెప్పాలనుకున్నాను. నా వేలు మాత్రం చిప్పు మూలనున్న ఒక పిన్ను మీదికి పోయింది.

"ఇదక్కా."

ఆమె వంగి భూతద్దంలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"గీ పిన్ను బోర్డుల దేనికీ కలవదు గద సార్" అంది మెల్లగా.

మార్కరుకు మూత పెట్టి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.