కాలి సంతకం

“కరెంటు తీగె మీదవడి నా చేతులు పోతే మీకు పట్టలే. ఇప్పుడు ఓటు గూడ గుంజుకుంటున్నరా?” ఎల్బీనగర్ పోలింగ్ బూత్‌లో ఎస్తేరమ్మ అధికారిని నిలదీసింది.

ఆయన రిజిస్టరు వెనక్కి లాక్కున్నాడు. “కాలితో సంతకమేంటమ్మా? పుస్తకమంటే సరస్వతి. మీ అమ్మాయి వేలిముద్ర వేస్తుందిలే.”

“నేనేస్త తియ్యమ్మా,” అంది కూతురు ఏంజెల్, సిగ్గుపడుతూ.

“నీ ఓటు నువ్వెయ్ బిడ్డా. నాది నేనేస్త.”

అధికారి మాటకు పక్కనే కూర్చుని తలూపుతున్న పార్టీ ఏజెంటు వైపు తిరిగింది ఎస్తేరమ్మ. “తెలంగాణ ర్యాలీకి రమ్మని మొన్న ఈ కాళ్లే మొక్కితివి గదా నర్సింగా. అప్పుడు లేని మైల ఇప్పుడెట్లొచ్చె?”

ఏజెంటు తన ఓటర్ల లిస్టు తిరగేయసాగాడు. ఏంజెల్ వంగి, తల్లి చెప్పు విప్పి, కాలివేళ్ల మధ్య పెన్ను పెట్టింది.

“రిజిస్టరు కింద పెట్టున్రి సారు. సంతకం చేసేదాక ఈడికెళ్లి కదల.”