చీలని గొంతు

1984 ఫిబ్రవరి పది, శుక్రవారం. ఆ తేదీని వహీద్ ఇప్పటికీ మరిచిపోలేదు. జుమ్మా నమాజు నుంచి వచ్చి, ఇంటి నుంచి భార్య హసీనా పంపిన బగారా అన్నం, దాల్చా తిని, దుకాణం ముందు చేయి కడుక్కుంటున్నాడు.

ఎల్లారెడ్డి బస్సు దిగిన ఒక ముసలాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. భుజం మీద గొంగడిలో చుట్టిన బరువైన పెట్టె.

కామారెడ్డిలో మైకు సెట్లు బాగుచేయడంలో వహీద్‌ను మించినవాడు లేడని పేరు.

"ఏంది తాతా, ఆ మూటల?"

"గిటార్ ఆంప్లిఫయర్ బిడ్డా. లోపల గాజు వాల్వు ఒకటి కాలిపోయింది. అసొంటిదే ఇంకోటి ఏస్తే చాలు. ఆదివారం పట్నం నుంచి నా పాట రికార్డు చేసుకుంటానికి వస్తున్నరు."

పక్క దుకాణంలో బట్టలు కుడుతున్న హన్మండ్లు మిషన్ ఆపాడు.

"నీ పాటనా తాతా? ఏం పాట?"

"బ్లూస్ అంటరు. అమెరికా నల్లోళ్ల పాటలు. యుద్ధమప్పుడు కలకత్తాల ఓ నల్ల సిపాయి నేర్పిండు. ఏడుపు పాటలే అనుకో."

"ఏడుపు పాటలకు పట్నం నుంచి రావాల్నా? మా అత్తను తోలిస్త, పైస అడగకుంట పుక్యానికి ఏడుస్తది!"

ముసలాయన కూడా నవ్వాడు. తర్వాత వహీద్ వైపు తిరిగాడు.

"ఒక్క మాట బిడ్డా. మెల్లగ వాయిస్తే మెత్తగ రావాలె. గట్టిగ వాయిస్తే గొంతు చీలాలె. ఒగ్గు కత చెప్పేటాయన గొంతు రాత్రంత పాడి తెల్లారేటాళ్లకు ఎట్ల చీలుతది, గట్ల."

"అట్లనే తాతా. రేపు సాయంత్రం రా."

వహీద్ తల ఊపాడు గానీ ఆ మాట చెవిన పెట్టలేదు. పెళ్లి పందిట్లో మైకు గొంతు చీలితే మళ్లీ పిలిచేవాళ్లుండరు. చీలకుండా చేయడమే అతని పని.

పెట్టె తెరిచి చూశాడు. అలాంటి వాల్వు తన దగ్గర లేదు. హైదరాబాద్ పోతే దొరకవచ్చు. కానీ వాల్వుల కాలం ఎప్పుడో పోయింది కదా!

మంచివీ కాలినదీ అన్నీ పీకి చెత్త డబ్బాలో పడేశాడు. తన కొత్త ట్రాన్సిస్టర్ బోర్డు బిగించాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. సాల్డరింగ్ కడ్డీ తగిలి బొటనవేలు పొక్కింది.

సాయంత్రం ముసలాయన వచ్చి గిటార్ తగిలించాడు. వేళ్లు తీగల మీద చకచకా నడిచాయి. మెల్లగా వాయించాడు. తర్వాత గట్టిగా. ఇంకా గట్టిగా.

నీళ్లంత శుభ్రంగా పలికింది.

"ఎట్లుంది తాతా? చీలుడు గీలుడు లేదు. పాత రోగం కుదిర్చిన!"

ముసలాయన పెట్టె వెనుక చేయి పెట్టి తడిమాడు.

"పాత వాల్వులేవి బిడ్డా?"

"డబ్బల పడేసిన. అన్ని పలిగినయి."

ముసలాయన చూపు వహీద్ వేలి దగ్గర ఆగింది. ఆ వేలును కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"కాల్చుకున్నవా, నా పనికి?"

"గిది మాకు రోజూ ఉండేదే తాతా."

"మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు. పెట్టెను గొంగడిలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున దుకాణం ముందు జీపు ఆగింది. పట్నం మనిషి ఒకాయన టేపు మిషన్‌తో దిగాడు.

"వహీద్ గారంటే మీరేనా? ఇది ఆగిపోయింది. ఎల్లారెడ్డి స్వామిదాసు గారు మీ పేరే చెప్పారు. అంత మంచి చేయి ఇంకోటి లేదన్నారు."

ముసలాయన పేరు స్వామిదాసు అని వహీద్‌కు అప్పుడే తెలిసింది. రెండు రోజులూ పేరైనా అడగలేదు.

"తాత రికార్డు అయిందా సార్?"

"లేదండీ. రెండు పాటలు వాయించి గిటార్ కింద పెట్టేశారు. వేళ్లలో పస పోయింది, ఇంక నాతో కాదు, వెళ్లిపోండి అన్నారు."

వహీద్ మిషన్ విప్పాడు. గంటలో బాగయింది. పరీక్షకని ఆయన ఒక టేపు పెట్టాడు.

"ముప్పై ఏళ్ల కిందటి రికార్డు నుంచి ఎక్కించుకున్నాను. రికార్డు మీద వాయించినవాళ్ల పేరు లేదు. పదేళ్లు తిరిగితే ఈయనే అని తేలింది. చూస్తే ఇలా అయింది."

పాట మెత్తగా మొదలైంది. తర్వాత గొంతు చీలింది. పందిట్లో మైకు చీలినట్టు కాదు. కన్నబిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన మనిషి మాట్లాడబోయినట్టు చీలింది.

హన్మండ్లు కుట్టు మిషన్ మీది నుంచి కాలు తీసేశాడు.

'ఆయన వేళ్లకేం కాలేదు సార్. తప్పు నాది.' ఆ ఒక్క మాట చెబితే జీపు ఎల్లారెడ్డికి తిరిగేది. హన్మండ్లు తననే చూస్తున్నాడు. వహీద్ టేపు మిషన్‌కు మూత పెట్టి జీపులోకి అందించాడు.

జీపు హైదరాబాద్ వైపు వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఉండబట్టలేక బస్సెక్కాడు. ఎల్లారెడ్డిలో చర్చి వెనుక చిన్న ఇల్లు. స్వామిదాసు భార్య నర్సవ్వ తలుపు తీసింది. లోపల ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అవ్వా, నేను కామారెడ్డి వహీద్‌ను. తాత పెట్టెను నేనే కరాబ్ జేసిన. పట్నం పోయి వాల్వులు తెస్త. పాత లెక్కనే మల్ల కట్టిపిస్త. దాన్ని తయారు జేసినాయన యాడున్నడో చెప్పు, ఎంత దూరమైనా పోత."

నర్సవ్వ వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"యాడికి పోతవ్ బిడ్డా? కలకత్తాల ఆ పెట్టె కట్టింది ఆయననే. ఇప్పుడు కండ్లు సరిగ కనవడక నీ దగ్గరికి తెచ్చిండు. పెట్టె చెడిందని నీతోని చెప్పొద్దన్నడు, చిన్నోడు, తన చేతి మీద తనకే నమ్మకం పోతదని."

ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.