ఆదివారం సాక్ష్యం

దేవవ్వ ఇంట్లో కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇంటిముందు ఆటో ఆగినా తల ఎత్తలేదు. పక్కింటి అరుగు మీద మల్లవ్వ కూడా చాట పట్టుకునే ఉంది.

"ఖాళీ ఆటో తిప్పుడు డీజిల్ దండుగ గదా పిల్లగా" అంది మల్లవ్వ.

ఆటో దిగిన సురేశ్ చెప్పులు విడిచి దేవవ్వ ఇంట్లోకి వచ్చాడు. గోడకు దేవవ్వ కొడుకు ఏసుబాబు ఫోటో ఉంది. దండ, కింద 'తెలంగాణ అమరుడు' అన్న అక్షరాలు. సురేశ్ అటు చూడకుండా నేల మీద కూర్చున్నాడు.

"ఛాయ్ తాగుతవా కొడుకా?"

"వద్దు చిన్నమ్మా. ఒక్క మాట అడుగుదామని అచ్చిన."

"అడుగు."

"రేపొక్కదినం నన్ను క్షమించకు."

దేవవ్వ చేతిలోని బీడీకి దారం చుట్టి, మూతి మడిచి చాటలో వేసింది.

ఏడాదిగా ప్రతి ఆదివారం ఆమె ప్రార్థన మందిరంలో లేచి సాక్ష్యం చెబుతోంది. "నా కొడుకు జాడ పోలీసోళ్లకు చెప్పినోన్ని నేను క్షమించిన. సురేశ్‌ను క్షమించిన. మీరు గూడ క్షమించుండ్రి." అందరూ స్తోత్రం అంటారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటారు. వెనక వరసలో సురేశ్ తల వంచుకుంటాడు.

తెలంగాణ సమ్మె రోజుల్లో బస్సు అద్దాలు పగలగొట్టిన కేసులో ఏసుబాబు పేరు పడింది. అప్పుడు ఏ ఇంట్లో టీవీ పెట్టినా, ఒంటికి నిప్పంటించుకున్న పిల్లల వార్తలే. ఏసుబాబు కూడా దీక్ష టెంటులో మైకు పట్టుకుని ప్రాణమిస్తానన్నాడు. స్నేహితుడు కదా అని సురేశే అతన్ని ఆటోలో ముత్యంపేట దాకా తీసుకెళ్లి, చెరుకు తోటలో తన మేనమామ గుడిసెలో దాచాడు. మూడో రోజే పోలీసులు తోటకు వచ్చారు. ఎనిమిదో రోజు ఏసుబాబు దెబ్బలతో ఇల్లు చేరాడు. పదో రోజు పోయాడు. ఠాణాకు ఫోన్ సురేశ్ నంబరు నుంచే వచ్చిందని ఎవరో కానిస్టేబుల్ అన్నాడట. ఊరికి అది చాలు.

సురేశ్‌ను ఎవరూ కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు. కన్నతల్లే క్షమించాక ఇంకెవరు తిడతారు? అతని ఆటో మాత్రం ఎవరూ ఎక్కరు. టెంటులో అతను కూర్చుంటే పక్కన చాప ఖాళీ అవుతుంది. రెండు పెళ్లి సంబంధాలు మందిరం మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పోయాయి.

"రేపు ముస్తాబాద్ నుంచి పిల్ల తరుపోళ్లు అస్తున్నరు" అన్నాడు సురేశ్. "మందిరంలనే చూస్తమన్నరు. పిల్ల పేరు స్రవంతి. గిది గూడ పోతే ఇగ నాకు పెండ్లి లేదు."

"క్షమించకుంటే నాకు పాపం కాదా?"

"మనసుల క్షమించు చిన్నమ్మా. నోటితోని వద్దు."

దేవవ్వ నవ్వింది. "నువ్వు ఒప్పుకుంటలేవు గదా, గందుకే నేను చెప్పాల్సొస్తంది. ఒక్కసారి ఒప్పుకో. ఇగ నీ పేరు నా నోట రాదు."

"నేను చెప్పలే. నీకు..." సురేశ్ ఆగిపోయాడు.

"నాకేంది?" ఆమె మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "నాకు కొడుకు లేడు. గంతే."

ఆమె చేతుల్లో మూడు బీడీలు అయ్యాయి.

"సరే" అన్నాడు సురేశ్. "ఒప్పుకుంట."

"గట్ల కాదు. ఓ మల్లవ్వా, గిటు రా."

మల్లవ్వ ఒళ్లోని తంబాకు దులుపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మోకాళ్ల మీద ఉండు కొడుకా" అంది దేవవ్వ. "దేవుని ముంగట చెప్పు."

సురేశ్ మోకరించాడు. "ఏసుబాబు జాడ నేనే చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్?"

అతను అది ఆలోచించుకుని రాలేదు. నేల వైపు చూశాడు.

"కొడ్తరని... భయమైంది."

"స్తోత్రం" అంది మల్లవ్వ. "ఏడాది సంది కడుపుల పెట్టుకున్నడు చూడు. నేను అప్పుడే అన్న, గీడే అని."

దేవవ్వ తంబాకు అంటిన చెయ్యి అతని తల మీద పెట్టి ప్రార్థన చేసింది. పెద్ద ప్రార్థన. గొంతు ఎక్కడా వణకలేదు. ఆమెన్ అనగానే చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"రేపు పిల్ల తరుపోళ్లను ముందు వరసల కూసోబెట్టు" అంది. "నువ్వు ఒప్పుకున్నది సాక్ష్యంల చెప్త."

"నా పేరు ఎత్తనంటివి గదా చిన్నమ్మా."

"గింత పెద్ద పశ్చాత్తాపం దాచిపెడితే దేవుడు ఊకుంటడా? మల్లవ్వ గూడ ఇన్నది."

సురేశ్ లేచాడు. మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకోలేదు. మల్లవ్వ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"వాడు నిప్పంటించుకుంటడు, రెండు దినాలు ఠాణాల ఉంటే నా కొడుకు పానమన్న దక్కుతది" అని ఏడ్చి, కొడుకు తోటలో దాగి ఉన్నప్పుడు సురేశ్ సెల్లు అడిగి తీసుకుని పోలీసులకు ఫోన్ చేసింది దేవవ్వేనని ఎదురుగా ఉన్న మల్లవ్వతో కూడా అనకుండా అతను గడప దాటాడు.