తోపుడు బండి

సరిగ్గా బస్టాపు ముందుకు వచ్చేసరికి పికప్ మళ్ళీ ఆగిపోయింది.

తిరుపతిరావు తాళం తిప్పాడు. సెల్ఫ్ ఒకసారి మూలిగి ఊరుకుంది. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి జోకొడుతున్నట్టు డాష్‌బోర్డు మీద మెల్లగా తట్టి మళ్ళీ తిప్పాడు. ఈసారి మూలుగు కూడా లేదు.

బస్టాపులో కూర్చున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచారు. వీరరాఘవయ్య చేతికర్రను గోడకు ఆనించాడు. కృపావతి టీచరు కొంగు బొడ్లో దోపుకుంది. ప్రవేశ పరీక్షకు బయల్దేరిన యోగిత, హాల్‌టికెట్ ఉన్న ఫైలు గాలికి ఎగిరిపోకుండా బెంచీ మీద పెట్టి, పైన ఓ రాయి ఉంచింది. అందరూ వెళ్ళి బండి వెనక చేతులు ఆనించారు.

చిత్రమేమిటంటే, వాళ్ళంతా వెళ్ళాల్సింది హనుమాన్ జంక్షన్ వైపు. తిరుపతిరావు వెళ్ళేది దానికి పూర్తిగా ఎదురు దిక్కున, నూజివీడుకి. బండి కదిలినా వాళ్ళలో ఒక్కరూ ఎక్కరు. అయినా ఆగిన ప్రతిసారీ తోస్తారు.

ఒకప్పుడు తిరుపతిరావు తండ్రి మామిడికాయలు తోలిన బండి అది. ఆయన పోయాక తోట కౌలుకిచ్చేశారు. బండి మాత్రం కొడుక్కి మిగిలింది. వెన్నుపూస అరిగిందని డాక్టరు మోటారుసైకిలు మాన్పించడంతో, ఉద్యోగానికి వెళ్ళి రావడానికి అదే దిక్కయింది. సెలవొస్తే తిరుపతిరావు దాని కిందే పడుకుంటాడు. ఆయిలు మారుస్తాడు, క్లచ్ కేబులుకు గ్రీజు పూస్తాడు, మూసుకోని ఎడమ తలుపుకి కొత్త తాడు కడతాడు. భార్య కామేశ్వరి అన్నం ప్లేటు కూడా బండి కిందికే తోస్తుంది. అమ్మేయమని ఆవిడ చెప్పీ చెప్పీ ఊరుకుంది.

ఆ మధ్య తోట బేరానికి ఏలూరు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన ఈ అవస్థంతా చూసి, ఇంత బాధ ఎందుకు, హాయిగా బస్సులో వెళ్ళొచ్చు కదా అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా పడీపడీ నవ్వారు. కామేశ్వరికి పొలమారింది కూడా. పాపం, తాను అన్నదాంట్లో నవ్వడానికేముందో ఆయనకి తెలియలేదు.

ఇవాళ తోపుకి ఇంజను అందుకుంది గానీ, కాస్త అవతలున్న పాలకేంద్రం దాకా వెళ్ళి దగ్గి ఆగిపోయింది. తోసినవాళ్ళంతా మళ్ళీ వెనకే వచ్చారు. తిరుపతిరావు బానెట్ ఎత్తాడు. డీజిల్ పైపులో గాలి చేరింది. ఇంజనుకున్న చిన్న చేతిపంపు కొట్టి కొట్టి ఆ గాలి తీశాడు. తీరా చూస్తే ఫ్యాన్ బెల్టు తెగి వేలాడుతోంది. స్పేరు బెల్టు మొన్ననే వేశాడు. తెగింది అదే.

తిరుపతిరావు టైము చూసుకున్నాడు. ఇంకోసారి ఆలస్యమైతే ఇంటికి పంపించేస్తామని పైవాళ్ళు నిన్ననే పిలిచి చెప్పారు. యోగిత సంగతి ఇంకా కష్టం. పరీక్ష జంక్షన్ పక్కనున్న బాపులపాడులో. తొమ్మిదింటికి గేటు మూసేస్తారు. కోతల సీజను కావడంతో ఊళ్ళో ఆటోలూ బైకులూ తెల్లారకముందే తోటలకి వెళ్ళిపోయాయి.

"నావల్ల నీకు ఆలస్యమవుతోందమ్మా" అన్నాడు.

"అది తర్వాత బాబాయ్. ముందు బెల్టు సంగతి చూడండి" అంది యోగిత.

వీరరాఘవయ్య తన కండువా తీసిచ్చాడు. మెలిపెట్టి పుల్లీలకి బిగించి, బండి తోశారు. కండువా కాసేపు తిరిగింది, తర్వాత పొగ వచ్చింది, ఆ తర్వాత నల్లటి పీలికలై కింద పడింది. వీరరాఘవయ్య వాటి వంక ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

అప్పుడే ఓ కూలీ మామిడికాయలు కోసే చిక్కం భుజాన వేసుకుని తోటకి పోతున్నాడు. కర్ర చివరన ఉన్న ఆ వలకి గట్టి నైలాన్ తాడుంది. కృపావతి టీచరు అతన్ని ఆపి సంగతి చెప్పింది. అతను వెంటనే కత్తి తీసి తన చిక్కం తానే కోసి తాడు చేతికిచ్చాడు.

"మరి నీ పని?" అన్నాడు తిరుపతిరావు మొహమాటంగా.

"పర్లేదండీ. మా ఆవిడ కూడా బస్టాపులోనే ఉంది" అన్నాడతను, వచ్చి తనూ ఓ చెయ్యి వేస్తూ.

తాడు నిలిచింది. రేడియేటరులో మాత్రం చుక్క నీళ్ళు లేవు. టీచరు సీసా ఖాళీ అయింది. పరీక్షకని యోగిత తెచ్చుకున్న నీళ్ళూ అయిపోయాయి. చివరికి వీరరాఘవయ్య తన మజ్జిగ సీసా మూత తీశాడు.

మజ్జిగ వద్దండీ, ఇంజను పాడవుతుందని తిరుపతిరావు బతిమాలాడు.

"చలవ చేస్తుంది. పోసెయ్" అన్నాడు ఆయన.

తిరుపతిరావు పోశాడు. పట్టుచీర కట్టుకున్నావిడా, ఆఫీసు బట్టలవాళ్ళూ, చంటిపిల్లను చంకనెత్తుకున్న తల్లీ, అందరూ కలిసి బండిని మెరక మీదికి తోశారు. అక్కణ్ణుంచి పల్లం. ఇంజను అందుకుంది.

వీరరాఘవయ్య కిటికీ పట్టుకుని పక్కనే నాలుగడుగులు పరిగెత్తాడు. "ఎక్కడా ఆపకు. ఇవాళైనా బస్సు టైముకి వస్తుందంటావా?"

"వస్తుందండీ" అన్నాడు తిరుపతిరావు, ఆయన కళ్ళలోకి చూడకుండా.

వాళ్ళు చేతులు దులుపుకుని మళ్ళీ బస్టాపులో కూర్చోవడం అద్దంలో కనిపించింది. యోగిత రాయి తీసి ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. తిరుపతిరావు యాక్సిలరేటరు తొక్కాడు. దారి పొడుగునా ఏ ట్రాక్టరుకీ దారివ్వలేదు, ఏ గతుకునీ తప్పించలేదు. బానెట్లోంచి మజ్జిగ మాడిన వాసన వస్తున్నా కాలు తీయలేదు.

నూజివీడు చేరి గడియారం చూసుకున్నాడు. ఇంకా టైముంది.

పికప్‌ను గోడవారగా వదిలేసి, సీటు వెనకనుంచి ఖాకీ చొక్కా తీసి తొడుక్కుని, అప్పటికే కండక్టరు ఈల వేస్తున్న హనుమాన్ జంక్షన్ బస్సెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు.