వెనక సీట్లోంచి ఒక కేక

“ముందే చెబుతున్నా. వెనక కూర్చున్నవాడు నోరు విప్పితే, వాడు ఫెయిల్. ఖలాస్!”

ఇన్‌స్పెక్టర్ హిందీలో అన్న ఆ మాటకి టెస్టు కారులో ఉన్న ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

ఒకడు చరణ్‌తేజ్. 2006 మార్చిలో ఆ రోజుతోనే వాడికి పద్దెనిమిది నిండాయి. అంతకు ఒక్క రోజు తక్కువైనా దుబాయ్‌లో లైసెన్స్ ఇవ్వరు. అందుకే తండ్రి జగన్మోహనరావు పట్టుబట్టి పుట్టినరోజు నాడే టెస్టు పడేలా చూశాడు. సాయంత్రం కేకు కోయడానికి బిల్డింగులో ఇరవై మందిని పిలిచాడు. కేకు పక్కన పాత కరోలా తాళం చెవి పెట్టి ఫోటో తీయించాలని ఆయన సరదా.

ఫెయిలైతే ఆ ఇరవై మందికీ ముఖం ఎలా చూపించాలో చరణ్‌కి తెలియలేదు.

రెండోవాడు సూరిబాబు. యాభైకి దగ్గర పడిన మనిషి. అరగంట క్రితం, చరణ్ ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే తెలుగు విని, బెంచీ మీద పక్కకి జరిగి మాట కలిపాడు.

“పుట్టిన్రోజా బాబూ! నిండు నూరేళ్లు బతకాలి. టెస్టు ఎన్నోసారండి?”

“మొదటిసారి. మీకు?”

“ఆరోసారండి,” అని సిగ్గుగా నవ్వాడు. “రాజమండ్రిలో ఇరవై ఏళ్లు లారీ తోలానండి. ఇక్కడ స్టీరింగు ఎడం పక్కనుండేసరికి చెయ్యి మాట ఇనట్లేదు. కుసైస్‌లో నీళ్ల కంపెనీవోళ్లు డ్రైవరని తెచ్చి, లైసెన్సు లేదని బాటిళ్లు మోయిస్తన్నారు. ఇయ్యాళ గానీ పాసవ్వకపోతే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేత్తానన్నాడండి ముదీర్, అదేనండి మా మేనేజరు.”

‘ఆరోసారా!’ అని చరణ్ లోలోపల నవ్వుకున్నాడు.

ముందు సూరిబాబు నడిపాడు. పది నిమిషాలు సందులన్నీ తిప్పించి, ఇన్‌స్పెక్టర్ కారు ఆపించాడు. ఒక కాగితం మీద ఏదో రాసి ఆయన చేతికిచ్చాడు.

ఇద్దరూ దిగి సీట్లు మారారు.

చరణ్ అద్దం సరిచేసుకుంటుంటే అందులో సూరిబాబు కనిపించాడు. కాగితం చూసి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

పాపం, ఆరోసారీ పోయింది అనుకున్నాడు చరణ్. జాలేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

“యల్లా,” ఇక పోనివ్వు అన్నట్టు చెయ్యి ఊపాడు ఇన్‌స్పెక్టర్.

మొదటి మలుపు బాగానే తిరిగాడు. రెండో సందులో చరణ్ చూపు అద్దంలో ఉంది. ఇన్‌స్పెక్టర్ తల వంచుకుని రాసుకుంటున్నాడు.

“బాబూ, పాప!”

చరణ్ కాలు బ్రేకు మీద పడింది.

ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి వచ్చిన నాలుగేళ్ల పిల్ల, చేతిలో ఖుబూస్ రొట్టెల సంచితో, బానెట్‌కి జానెడు దూరంలో నిలబడి ఉంది. తల్లి కాబోలు, పరుగున వచ్చి లాక్కుపోయింది.

“ఎవడు మాట్లాడింది?” ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగాడు.

“నేనే సాబ్. మాఫ్ కరో.”

ఇన్‌స్పెక్టర్ చరణ్ వైపు చూశాడు. “వాడు అరిస్తే ఆపావా? నువ్వే చూసి ఆపావా?”

నిజం చెబితే తను ఫెయిల్. ఆయన ఎలాగూ ఫెయిలైనవాడే. కొత్తగా పోయేదేముంది?

“నేనే చూశాను సార్.”

“అయితే వాడు అరవాల్సిన పనేముంది?”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపి సూరిబాబు కాగితం తీసుకుని, మళ్లీ ఏదో రాసి ఇచ్చేశాడు. సూరిబాబు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దిగాక చరణ్ ఆయన వైపు చూడలేకపోయాడు. ఆయనే దగ్గరికొచ్చాడు.

“పాసయ్యారా బాబూ?”

“ఊఁ.”

“పుట్టిన్రోజు పూట మంచి మాట. సందుల్లో మాత్రం అద్దం కంటే ముందు రోడ్డు చూడండి బాబూ.”

సాయంత్రం కేకు కోశారు. తాళం చెవితో ఫోటో దిగారు. చరణ్ తన కేకు ముక్క ప్లేటులోనే వదిలేశాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటుంది వాళ్లమ్మ. తన నోరు జారలేదనీ, కావాలనే అన్నాననీ వాడికి తెలుసు.

పది రోజులు కారు ముట్టుకోలేదు. తండ్రి విసుక్కున్నాడు. ఆ పై శుక్రవారం ఉండబట్టలేక, నీళ్ల కంపెనీ క్యాంపు ఎక్కడని అడుక్కుంటూ కుసైస్ వెళ్లాడు.

గదిలో ఒక మంచం మీద పరుపు చుట్టి ఉంది. పక్క మంచం మనిషి ఖాదర్ హుస్సేన్‌ది నిజామాబాద్.

“సూరిబాబా? మొన్ననే ఇంటికి పోయిండు బేటా. వీసా ఖలాస్. ఎట్ల ఫెయిలైనవ్ అంటే, చెయ్యి మాట ఇనలే అన్నడు. గంతే.”

చరణ్ తల దించుకున్నాడు.

ఖాదర్ పరుపు కింద నుంచి ఒక కాగితం తీశాడు. “గిది ఇడిసిపెట్టి పోయిండు. నాకు ఇంగ్లీషు రాదు. ఏమున్నదో జర సదువు.”

చరణ్ మడత విప్పాడు. తన పుట్టినరోజు తేదీ. మొదట రాసిన మాట మీద ఒక అడ్డగీత. గీత కింద ఆ మాట చక్కగా కనిపిస్తూనే ఉంది.

“పాస్,” అని చదివాడు. “అది కొట్టేసి, మాట్లాడినందుకు ఫెయిల్ అని రాశారు.”

“పాసైండా!” ఖాదర్ లేచి నిలబడ్డాడు.

“ఆయనకి ఇంగ్లీషు చదవడం వచ్చా?” రాదని చెబితే బాగుండునని ఉంది చరణ్‌కి.

“యాడిది బేటా! రెండే మాటలొచ్చు. పాసు, ఫెయిలు. గన్నిసార్లు వోయినోడు గా రెండు నేర్వడా?”

అద్దంలో చూసిన ఆ రెండు చేతులు చరణ్‌కి గుర్తొచ్చాయి.

“బాబూ, పాప!” అని అరిచేటప్పటికి, డ్రైవర్ ఉద్యోగం సూరిబాబు చేతిలోనే ఉంది.