అతుకు పడని చోటు

"పంక్చర్ వెయ్యను. టైరు మార్చాలి."

బండిని అరమైలు తోసుకొచ్చిన మీసాలాయనకి ఒళ్లు మండిపోయింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆయాసపడుతూనే కొట్టు మీదున్న బోర్డు చూపించాడు.

"ఏం రాసుంది అక్కడ? 'ఎలాంటి పంక్చరైనా వేయబడును' అని కాదూ? నువ్వు రాయించిందేగా?"

"నేనే. చెరిపేస్తాలే," అన్నాడు కొట్టాయన, ఊడదీసిన చక్రాన్ని తిప్పి చూసుకుంటూ.

వీధిలో అందరూ ఆయన్ని అతుకులాయన అంటారు. చీకిపోయిన టైరుకైనా నాలుగు అతుకులేసి ఇంకో ఏడాది తిప్పిస్తాడని పేరు. అలాంటి మనిషి ఇవాళ ముందు చక్రం ఊడదీసేసి, ఆ తర్వాత కుదరదన్నాడు. చక్రం లేని బండిని తోసుకుని ఇంకో కొట్టుకి ఎవడు పోగలడు? ముసలితనంలో ఈ తెలివి ఎక్కడబ్బిందో మరి!

పక్క టీకొట్టావిడ గ్లాసులు కడగడం ఆపి చూస్తోంది.

"చూడు పెద్దాయనా," మీసాలాయన గొంతు తగ్గించాడు. "మా ఆవిడ అలిగి పాపని తీసుకుని వెళ్లిపోతోంది. రాత్రి ఏదో మాటా మాటా అనుకున్నాం. ఏ ఇంట్లో ఉండదు? లేచేసరికి ఇల్లు ఖాళీ. బస్టాండులో కూర్చుందని ఇప్పుడే ఎవరో ఫోన్ చేశారు. పదకొండుకి బస్సు. అది ఎక్కిందంటే ఇక ఎక్కడని వెతుక్కోను? ఈ రోడ్డులో చూస్తే ఒక్క ఆటో రావట్లేదు. నీకు దణ్ణం పెడతా, ఆ చిల్లులో పట్టీ దించెయ్. ఐదు నిమిషాల పని."

గోడ గడియారంలో పదీ ఇరవై.

"చిల్లు అడుగున పడితే దించేవాణ్ణే. ఇది టైరు పక్క గోడకి పడింది. ఇక్కడ అతుకు నిలవదు. దారిలో పేలుతుంది."

"పేలితే నేను చస్తా. నీకేం నొప్పి?"

"నా కొట్టు పేరు చెప్పుకుని చస్తావు."

"అయితే లోపల ట్యూబు పెట్టి తగలెయ్!"

"ఆ కంతలోంచి ఉబ్బుకొస్తుంది. అదీ పేలుతుంది."

మీసాలాయన ఓపిక అక్కడితో సరి. కొట్టులోకి చొరబడి గోడకున్న సామానంతా కెలికాడు. పానాలున్నాయి, సుత్తి ఉంది, పంపు ఉంది.

"ఊచ ఏది? పట్టీలు దించే ఊచ? ఇటు పడెయ్, నేనే దించుకుంటా."

ఊచ తగిలించే మేకు ఖాళీగా ఉంది.

"లేదు. ఎవరో పట్టుకెళ్లారు."

"ఊచ లేకుండా పంక్చర్ కొట్టా! థూ, నీ బతుకు చెడ. టైర్లు అమ్ముకోడానికి నువ్వే రోడ్డు మీద మేకులు చల్లుంటావు."

"మేకయితే అడుగున దిగుతుంది. పక్కకి ఎక్కి రాదు."

"అంటే? ఎవడో పొడిచాడంటావా? రాత్రంతా నా వరండాలో ఉంది బండి!"

"నేనేం అనలేదు. కొత్త టైరు తెమ్మంటావా, ఈ చక్రమే బిగించెయ్యమంటావా?"

పదిన్నర దాటింది. మీసాలాయన పళ్లు నూరుకుంటూ "తే!" అన్నాడు.

అతుకులాయన తీరిగ్గా లోపలికెళ్లి ఒక టైరు తెచ్చాడు. అంచులకి సబ్బునీళ్లు రాశాడు. రెండు కడ్డీలు పట్టుకుని చక్రంతో తెగ కుస్తీ పట్టాడు. పావుగంట పోయాక తల గోక్కున్నాడు.

"సైజు తప్పు తెచ్చినట్టున్నానే."

టీకొట్టావిడ నోరు నొక్కుకుంది. రోడ్డు మీద పోయే బండిని చూసి టైరు సైజు చెప్పే మనిషి ఈయన. మతి పోతోంది పాపం అనుకుంది.

మీసాలాయన ఇక ఆగలేదు. కాలరు పట్టుకుని పైకి లేపాడు. కుడి చెయ్యి లేచింది. ఆలోచించి ఎత్తిన చెయ్యి కాదది, అలవాటు మీద లేచిన చెయ్యి. వేళ్ల కణుపుల మీద తోలు కొత్తగా లేచిపోయి ఉంది.

"అయ్యో అయ్యో! పెద్దవాడి మీద చెయ్యెత్తుతావా? నీ చెయ్యి పడిపోను!" టీకొట్టావిడ గరిటె పుచ్చుకుని అడ్డం వచ్చింది.

"నువ్వుండమ్మా," అన్నాడు అతుకులాయన, ఆ చేతికేసే చూస్తూ. "కొట్టనీ. ఇంకో పావుగంట ఆలస్యమవుతుంది, అంతేగా."

చెయ్యి దిగింది. బూతులు మాత్రం ఆగలేదు.

సరైన టైరు ఎక్కి, గాలి నిండి, నట్టు బిగిసేసరికి పదకొండూ పది. మీసాలాయన ఒకసారి గడియారం చూశాడు.

"నా కాపురం కూల్చావు కదరా ముసలోడా. నీ అంతు చూస్తా," అని దుమ్ము రేపుకుంటూ పోయాడు.

టీకొట్టావిడ గ్లాసు తెచ్చి అతుకులాయన ముందు ఠక్కున పెట్టింది.

"ఏం మనిషివన్నా నువ్వు? వాడు మూర్ఖుడే, కాదన్ను. కానీ పెళ్లాం బిడ్డా వెళ్లిపోతున్నారని మొత్తుకుంటుంటే నీకు టైరు అమ్ముకోడమే ముఖ్యమైపోయిందా? నీకింత పాడుబుద్ధి ఉందనుకోలేదు నేను."

అతుకులాయన గ్లాసు అందుకున్నాడు. టీ ఊదుకుని తాగాడు. పాత టైరుని దగ్గరికి లాక్కుని, ఆ చిల్లుని వేలితో తడిమి, బాగానే ఉందన్నట్టు తలాడించాడు.

ఇవాళ తెల్లారుతుండగా కన్ను వాచిపోయి, పాపని భుజాన వేసుకుని కొట్టు ముందు నిలబడి, "బాబాయ్, టైరులో ఎక్కడ పొడిస్తే అతుకు పడదు?" అని అడిగినావిడకి ఆ చోటు వేలు పెట్టి చూపించి, ఊచ చేతికిచ్చింది ఆయనే.