తప్పు నేర్చిన మరమనిషి

ఇంటింటికీ మరమనిషి వచ్చిన కాలమది. వరహాలు బావ అప్పలకొండ పుట్టుకతోనే బుద్ధి ఎదగనివాడు. యాభై దాటాక మతిమరుపు కూడా తోడైంది. ప్రాణంగా కుట్టే విస్తరాకులనూ వదిలేశాడు. అవీ మరమనిషే కుడుతోంది. చేతులు ఊరుకుంటే మిగిలిన జ్ఞాపకం కూడా పోతుందేమోనని వరహాలుకు దిగులు.

“ఈ పూట తప్పుగా కుట్టు,” అంది మరమనిషితో.

“తప్పు చేయడం నాకు రాదమ్మా.”

“నేర్పుతాన్లే. బడిలో నాకొచ్చింది అదొక్కటే.”

మరమనిషి విస్తరి కుట్టే అడ్డాకును తిరగేసి, పుల్ల వంకరగా గుచ్చింది. అప్పలకొండ కాసేపు చూశాడు. ఉన్నట్టుండి ఆకు లాక్కున్నాడు.

“నీకేటీ రాదు! ఇలాగ!”

ఈసారి పుల్ల సరిగ్గా దిగింది. మరమనిషి నెత్తిన ఒక్కటిచ్చాడు.

“కొట్టు బావా,” అంది వరహాలు, కళ్లు తుడుచుకుంటూ. “రేపు కూడా నువ్వే నేర్పాల దానికి.”